మమ అనిపించడం

పూజ మొక్కుబడిగా కానిచ్చేస్తే ‘మమ అనిపించారు’ అంటాం కదా. నిజానికి సంకల్పంలో ‘మమ’ అంటే ‘నా’ అని. గోత్రం, పేరు చెప్పుకుని బాధ్యత నెత్తికెత్తుకోవడం.

2012 అక్టోబర్‌లో మన హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో ప్రపంచ దేశాలు జీవవైవిధ్య సదస్సుకి కూర్చున్నాయి. ప్రకృతిని కాపాడేందుకు వర్ధమాన దేశాలకిచ్చే నిధులు 2015 కల్లా రెట్టింపు చేస్తామన్నాయి. అదే ఒప్పందం కింద 2010లో జపాన్‌లో పెట్టుకున్న 20 లక్ష్యాల్లో ఒక్కటీ 2020 నాటికి పూర్తిగా నెరవేరలేదని ఐక్యరాజ్యసమితే తేల్చింది. ‘మేమందరం’ అని చెప్పిన సంకల్పంలో ‘మమ’ ఎవరిది?

దేశాలనే అనడం ఈజీ. చవితికి సుల్తాన్ బజార్‌లో పత్రి కట్ట కొంటాం. 21 ఆకుల్లో గరిక, మారేడు తప్ప ఎన్ని గుర్తుపడతాం? (గూగుల్ లెన్స్ లెక్కలోకి రాదు!) పేరే తెలియని మొక్క మాయమైపోతే మనకు తెలిసేదెలా? ఈసారి పత్రి అమ్మే ఆవిణ్ణి అడగండి. ఏ ఆకు ఏ గట్టు మీద కోసిందో ఆవిడే చెబుతుంది.