డ్యూప్రే ఇవ్వని స్వరం

1837 ఏప్రిల్ 17. పారిస్ ఒపేరాలో సంగీతకర్త రోసిని ‘గియోమ్ టెల్’ ప్రదర్శన. ప్రధాన పాత్ర ఒకటి పాడుతున్న జిల్బేర్ డ్యూప్రేకి ముప్పై ఏళ్లు. ఇటలీలో కొన్నేళ్లు పాడి పేరు తెచ్చుకుని సొంత ఊరికి తిరిగి వచ్చాడు. పై స్థాయి ‘సి’ స్వరం వచ్చిందంటే అప్పటిదాకా ఫ్రెంచి గాయకులు గొంతు సన్నం చేసి, మన వాళ్లు దొంగగొంతు అనే తీరుకు దగ్గరగా, సుతారంగా తాకి దిగిపోయేవారు. డ్యూప్రే నిండు ఊపిరితో, అసలు గొంతుతోనే ఆ స్వరాన్ని పట్టి నిలబెట్టాడు. జనం ఊగిపోయారు. రోసినికి మాత్రం ఆ స్వరం పీక కోస్తున్న కోడి అరుపులా ఉండేదని చెబుతారు. మూడేళ్లకు లియాన్‌లో ఇద్దరు వైద్యులు ఈ కొత్త పద్ధతిని పరిశీలించి, ఇలా పాడేటప్పుడు స్వరపేటిక పైకి లేవకుండా కిందనే ఉండిపోతోందని ఒక పత్రం కూడా రాశారు.

ఆ గొంతు ఎక్కువకాలం నిలవలేదు. డ్యూప్రే 1849లో పారిస్ ఒపేరా వేదిక దిగాడు. కానీ 1842 నుంచే అక్కడి సంగీత కళాశాలలో పాఠాలు చెబుతున్నాడు. గానవిద్య మీద పుస్తకం రాశాడు, 1853లో సొంత పాఠశాల పెట్టాడు, 1896 దాకా బతికాడు. లెక్క చూస్తే పాడిన కాలం కొంచెం, పాడకుండా గడిపిన కాలం బోలెడంత.

ఆయన శిష్యుల్లో ఎక్కువ పేరు పొందినవాళ్లలో ఒకరు కరోలిన్ మియొలాన్-కార్వాలో. 1849లో గురువుగారి వీడ్కోలు ప్రదర్శనలోనే ఆమె రంగప్రవేశం చేసింది. పదేళ్లకు గునో ‘ఫౌస్ట్’లో మార్గరీత్ పాత్రను మొట్టమొదట పాడింది ఆమే. ఆమెది తేలిక గొంతు, సొగసైన గమనం. ఛాతీ బద్దలయ్యేలా పాడిన మనిషి దగ్గర నేర్చుకున్న గొంతని ఎవరూ అనుకోరు. డ్యూప్రేని డ్యూప్రే చేసిన ఆ ఒక్క స్వరం ఆమెకు అందలేదు. ఆమెకు దాని అవసరమే లేదు. మరి ఆయన ఆమెకిచ్చింది ఏమిటి?

దీనికి మన దగ్గర రెండు జవాబులు తయారుగా ఉంటాయి. గాత్రం దైవదత్తం, గురువు సానబెడతాడంతే అనేది ఒకటి. దైవం ఇచ్చేసిందే నిజమైతే ఏళ్ల తరబడి తెల్లవారుజామున మంద్రస్థాయి సాధకం ఎందుకు చేయిస్తారు? శిష్యుడు నోరు తెరిస్తే గురువు వినపడాలనేది రెండోది. ఇది ఇంకా ప్రమాదం. అలా వినపడుతున్న పిల్లల్లో సగంమంది అనుకరిస్తున్నది గురువు విద్యను కాదు, గురువు జలుబును, ఆయాసాన్ని, వయసును. అది సంప్రదాయం కింద చెలామణీ అవుతోంది.

శ్రీపాద పినాకపాణి గారి సంగతి చూస్తే ఈ రెండు జవాబులూ నిలవవు. 1913లో శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టిన ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరు. 1983లో సంగీత కళానిధి, మరుసటి ఏడు పద్మభూషణ్. ఇంతా చేసి లోకం ఆయన్ని కచేరీ విద్వాంసుడిగా కంటే గురువుగానే తలచుకుంటుంది. ఆయనకు నేర్పినవారిలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఉన్నారు. ద్వారం వారిది ఫిడేలు. అంటే తీగ దగ్గర విన్నది గొంతులోకి వచ్చింది. ఇక పినాకపాణి గారి దగ్గర తయారైనవాళ్లు? నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన్న సత్యనారాయణ. నేదునూరి వారి నిండుదనం వేరు, వోలేటి వారి మెరుపు వేరు. కళ్లు మూసుకుని విన్నా ఒకరిని మరొకరని పొరబడం. ఇద్దరిలోనూ గురువు గొంతు లేదు. గురువు చెవి ఉంది. ఏ గమకం ఎక్కడ ఆగాలో, ఎంత ఊగితే అతి అవుతుందో ఆ చెవికి తెలుసు.

ఇక్కడితో ఆగిపోతే హాయిగా ఉండేది. కానీ అడోల్ఫ్ నూరి కథ ఆగనివ్వదు.

డ్యూప్రే రాకముందు పారిస్ ఒపేరాలో ప్రధాన గాయకుడు నూరి. 1829లో ‘గియోమ్ టెల్’లో, తర్వాత డ్యూప్రే పాడిన ఆ పాత్రను మొదట పాడింది ఆయనే. డ్యూప్రే వస్తున్నాడని తెలిసి, పోటీపడలేక ఒపేరా వదిలి ఇటలీ వెళ్లాడు. నేపుల్స్‌లో సంగీతకర్త దొనిజెత్తి దగ్గర కూర్చుని కొత్త పద్ధతి మొదటినుంచి నేర్చుకున్నాడు. దొనిజెత్తి చెవికి వంక పెట్టగలవాళ్లెవరు? శిష్యుడి చెవీ తక్కువది కాదు. ఇద్దరూ శ్రద్ధగానే పనిచేశారు. తర్వాత నేపుల్స్ చేరిన భార్య ఆయన పాట విని బెంబేలెత్తింది. కొత్త గొంతు పూర్తిగా పట్టుబడలేదు, పాత గొంతులోని ఆ సన్నని పైస్థాయి తిరిగి రాలేదు. 1839 మార్చి 8న, 37 ఏళ్ల వయసులో, బస చేసిన ఇంటి పైనుంచి దూకి చనిపోయాడు. ఆయన మనసు అప్పటికే కుదురు తప్పి ఉందని చెబుతారు, నేరమంతా పాఠాల మీద మోపలేం. అయినా ఒక్క విషయం మింగుడుపడదు. పోయినదేమిటో ముందు కనిపెట్టినది ఆ ఇంటి మనిషి. మహా సంగీతకర్త చెవి శిష్యుడిలో రావలసిన గొంతు కోసం వెతికింది. భార్య చెవికి ఉన్న గొంతు తెలుసు.

గురువు చెవి చాలదన్నమాట. ఏ గొంతు కోసం వింటున్నాడన్నది కూడా ఉంది.

మధ్య అండమాన్‌లోని రంగత్‌లో ఈ అనుమానం మరోలా ఎదురవుతుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద సుమారు 170 కిలోమీటర్లు. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సు కూడా బార్జి ఎక్కి దాటాలి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబంలో పదేళ్ల పాపకి పాఠం ఫోనులోనే. టీచరు విశాఖలో ఉంటారు. వాన పడుతున్న ఒక సాయంత్రం పాప శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని సరళి వరసలు మొదలెట్టింది. అవతల నుంచి, “శ్రుతి వేసుకోమ్మా” అని గొంతు. “వేశానండీ” అని పాప. మళ్లీ అదే మాట. ఎడతెగకుండా మోగే నాదాన్ని రొద అనుకుని ఫోను దానంతటదే కొట్టేస్తుంది. సా దీర్ఘంగా పట్టినా కాసేపటికి నీరుగారిపోతుంది. అమ్మాయికి టీచరు గొంతు బాగానే వినిపిస్తోంది. టీచరుకే అమ్మాయి సరిగా వినపడటం లేదు. దూరం చదువుల గురించి మాట్లాడేవాళ్లంతా పిల్లలకు గురువు అందడం లేదని బాధపడతారు. గురువుకు పిల్లలు అందడం లేదని ఎవరూ అనరు.

పాప తారస్థాయి షడ్జమం దగ్గర గడ్డం పైకెత్తింది. మెడ నరాలు ఉబ్బాయి. వంటింటి గడప మీద కూర్చుని కూర తరుగుతున్న అమ్మమ్మ తలెత్తకుండానే, “మెడ బిగించకే అమ్మీ, ఒగ్గెయ్” అంది. ఆవిడకు సరిగమలు రావు. ఈ మనవరాలి గొంతు మాత్రం ఉయ్యాల్లో ఏడ్చినప్పటి నుంచీ తెలుసు. పాప గడ్డం దించి మళ్లీ పాడింది. ఫోనులో టీచరు “ఇప్పుడు బాగుంది, అలాగే పాడు” అన్నారు. ఏం మారిందో టీచరుకు తెలిసే అవకాశం లేదు.

అలాగని అమ్మమ్మే గురువు అనేస్తే అబద్ధం. మాయామాళవగౌళలో రిషభం ఎంత తగ్గాలో ఆవిడ చెప్పలేదు, అది విశాఖ నుంచే రావాలి. టీచరు వద్దని కాదు. పాఠం జరిగే వేళ అమ్మమ్మను టీవీ ముందుకు పంపకుండా, ఆ గడప మీదే కూర్చోనివ్వాలని ఆ తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాలి.