సవరించుట వేరు, కొమ్మ తీయుట వేరు

చదువవలసిన వాక్యభాగము: యోహాను 15:1–8, లూకా 13:1–9



మనలో అనేకుల పెరళ్లలో జామయో, నిమ్మయో, రేగుచెట్టో ఉండును. ఏడాదిలో ఏదో ఒక దినమున కత్తి పట్టుకొని దాని యొద్దకు పోవుదుము. ఆ దినమున మనము చేయు పని రెండు విధములలో ఒకటి. మొదటిది సవరించుట. రెండవది కొమ్మ తీయుట. రెంటికిని కత్తియే కావలెను, రెంటిలోను ఆకు రాలును. అందుచేత రెండును ఒకటే యని తలంచుదుము. చెట్టు మాత్రము ఆ భేదమును ఎరుగును.

సవరించుట యనగా దారికి అడ్డు వచ్చిన దానిని, చూపునకు ఇంపుగా లేని దానిని పైపైన కోసివేయుట. గోరింట కంచెను సమముగా కత్తిరించుట ఇట్టిదే. కంచెకు అది తగిన పనియే. అయితే దాని ఫలితమును గమనించుడి. కొన కోసిన చోటనెల్ల క్రొత్త చిగుళ్లు పుట్టి పైభాగము గుబురగును. వెలుగు లోపలికి దిగదు. కొన్నాళ్లకు కొమ్మలు తప్పించి చూచినయెడల, లోపల ఆకు లేని ఎండుపుల్లలే కనబడును. వెలుపల పచ్చన, లోపల బోడి.

కొమ్మ తీయువాడు మొదటనే కత్తి ఎత్తడు. చెట్టు చుట్టు తిరిగి చూచును. ఎండినదేది, తెగులు పట్టినదేది, ఒకదానినొకటి రాచుకొను కొమ్మలేవి యని పరీక్షించును. నిమ్మచెట్టులో నిటారుగా లేచు నీటికొమ్మలుండును. అవి అన్నిటికంటె ఏపుగా, నిగనిగలాడుచు కనబడును గాని కాపునకు పనికిరావు, చెట్టు బలమును మాత్రము లాగుకొనును. అంటు కట్టిన చెట్టునకు అంటు క్రింది నుండి వచ్చు మొలకలు మరియొక జాతివి. వాటిని విడిచిపెట్టినయెడల మంచి అంటునే అణచివేయును. కాబట్టి తోట తెలిసినవాడు ముందుగా తీయునది వాడిన కొమ్మనే కాదు, బలిసినదానిని కూడ తీయును.

కాలము కూడ తెలియవలెను. రేగు ఏప్రిల్, మే ఎండలలో ఆకు రాల్చి విశ్రమించును. దాని పూత క్రొత్త రెమ్మలమీదనే వచ్చును గనుక అప్పుడు గట్టిగా కత్తిరింతురు. మామిడికి పూత కొమ్మల కొనలందు వచ్చును. పూతకు ముందు అందము కొరకు కొనలన్నియు కోసినవాడు ఆ ఏటి కాపునే కోసివేసినవాడగును. కాయలు దిగిన తరువాతనే దాని పని చేయవలెను. హైదరాబాదు ప్రాంతపు ద్రాక్షతోటలలో ఏటికి రెండుమారులు, ఏప్రిల్ ప్రాంతమున కొమ్మ బలపడుటకును, అక్టోబరు ప్రాంతమున పండు కొరకును, కత్తి వేయుదురు.

గాయము సంగతి కూడ వినుడి. పెద్ద కొమ్మను ముందు క్రిందివైపున కొంత కోసి, పిమ్మట పైనుండి కోయవలెను. లేనియెడల అది విరిగి పడుచు మాను బెరడును చీల్చుకొని పోవును. మొద్దు మిగిల్చినచో అది కుళ్లును. మానునకు మరీ అంటగా కోసినచో గాయము మానదు. కొమ్మ మొదట ఉబ్బెత్తుగా నుండు వలయమును విడిచి కోయవలెను. అక్కడినుండియే క్రొత్త బెరడు పెరిగి గాయమును కప్పును. నిమ్మ, బత్తాయి రైతులు మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో, నీరు 10 లీటర్లు కలిపి బోర్డో పేస్టు చేసి ఆ గాయమునకు పూయుదురు. మంచి రైతు కోసి వెళ్లిపోవువాడు కాడు.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. ప్రభువు తన్ను ద్రాక్షావల్లిగాను, తండ్రిని వ్యవసాయకునిగాను చెప్పెను. ఫలించు తీగెకే ఈ కత్తి తగులునని ఆయన బోధ. మూల గ్రీకు భాషలో 2వ వచనమందు ఆ తీగెకు చేయు పనిని తెలుపు మాటయు, 3వ వచనమందు శిష్యులు పవిత్రులని చెప్పిన మాటయు ఒకే ధాతువునకు చెందినవి. కొమ్మ తీయుట యనగా శుద్ధి చేయుట. ఆ శుద్ధి తన మాటవలన కలిగెనని ప్రభువే చెప్పెను. కనుక తండ్రి చేతి కత్తి యేదని అడిగినయెడల, ఈ అధ్యాయమిచ్చు మొదటి జవాబు ఆయన వాక్యమే.

మన సంఘములలో జరుగునది సవరింపా, శుద్ధియా? కూలికి పోవు బీదవాడు తప్పు చేసినప్పుడు ప్రభువు బల్లకు దూరముగా ఉంచుటకు మనకు ఒక ఆదివారము చాలును. కుమారునికి కట్నము పుచ్చుకొన్న పెద్దమనిషి అదే ఆదివారము వాక్యము చదువును, చందా పట్టీలో అతని పేరు ముందుండును. కట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. అంతకు ముందే ప్రవక్తలు బీదలను పీడించువారిని గద్దించిరి. అయినను ఆ నీటికొమ్మ జోలికి ఎవరును పోరు, ఏలయనగా అది ఏపుగా నున్నది. చేతికందిన చిన్న రెమ్మలను కోసి సంఘము శుభ్రమైనదని చెప్పుకొనుట కంచె పని. గిన్నె వెలుపలి భాగమును మాత్రము కడుగువారిని ప్రభువు ఏమనెనో మత్తయి 23వ అధ్యాయములో చదువుకొనుడి.

ఇంకొక ప్రశ్న దీనికంటె కష్టమైనది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యొద్దకు పోయి, “అమ్మా, దేవుడు నిన్ను కత్తిరించుచున్నాడు, ఇక ఎక్కువగా ఫలించెదవు” అని చెప్పవచ్చునా? ఆదరించు తలంపుతోనే కొందరు అట్లనుదురు. కాని చెట్టు కొమ్మలన్నియు కత్తివలననే పడవు. గాలివాన కూడ విరుగగొట్టును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలకొలది జనులు చనిపోయిరి. దానిని వ్యవసాయకుని కత్తి యని ఆ శవముల మధ్య నిలిచి ఎవడు చెప్పగలడు? సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు ప్రభువు వారిమీద ఏ లెక్కయు కట్టలేదు, వినువారినే మారుమనస్సునకు పిలిచెను. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చుండినంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరచి యోబు బాధకు కారణములు చెప్పిన తరువాతనే దేవుని కోపమునకు పాత్రులైరి.

తన దుఃఖములో దేవుని చేతిని చూచితినని ఆ తల్లియే ఒక దినమున సాక్ష్యమిచ్చినయెడల మనము తలవంచి వినవలెను. ఆ మాట చెప్పు హక్కు ఆమెది. ఇతరుల గాయమునకు పేరు పెట్టు పని మనకు అప్పగింపబడలేదు.

అయితే మనకు అప్పగింపబడిన పని లేకపోలేదు. లూకా 13వ అధ్యాయములో మూడేండ్లు కాయని అంజూరపు చెట్టు ఎదుట తోటమాలి యజమానుని వేడుకొన్నది జ్ఞాపకము చేసికొనుడి. ఇంకొక యేడు గడువడిగి, దాని చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనన్నాడు. పొరుగువాని విషయములో మన చేతికి తగిన పనిముట్టు ఆ గునపమే, ఆ ఎరువు తట్టయే. దుఃఖములో ఉన్న యింటికి అన్నము కుండ మోసికొని పోవుట, తప్పిన సహోదరుని యొద్దకు చాటుగా పోయి మాటలాడుట, ఇంకొక యేడు ఓర్చుకొనుట, ఇవి మొదలు త్రవ్వు పనులు.

కత్తినయితే ఎవరికి వారు తమ హృదయమునకు అడుగుకొనవలెను. ఏపుగా పెరిగి ఏ ఫలమును ఇయ్యని కొమ్మ నాలో ఏదని అడిగి, వాక్యము ఎదుట నిలుచుటకు ధైర్యము చాలునా? ఈ నెల ప్రార్థనలో ప్రతివాడును ఆ ఒక్క కొమ్మ పేరు ప్రభువునకు చెప్పునుగాక.