గట్టు ఎత్తు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ వంటిల్లు పగలగొట్టి చూడమని పెద్దలెవరూ అన్నట్టు లేదు. విమల 'వంటిల్లు' కవిత చదివి ఊగిపోయిన తరం నాది. ఎం.ఏ. పిల్లలకి దాన్ని పాఠం చెప్పినదాన్ని కూడా. అలాంటి నేను పోయినేడు రెండు నెలల పాటు గ్రానైటా, క్వార్ట్జా, లామినేటా, యాక్రిలిక్కా అని నిద్రలో కలవరించాను. "వంటింటి నుంచి బయటపడమని వ్యాసాలు రాసి, ఆ వంటింట్లోనే లక్షలు పోస్తున్నావా?" అని ఒక స్నేహితురాలు ఫోన్లో పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ప్రశ్న నన్నేమీ గుచ్చలేదు. ఎవరో ఒకరు వండాల్సిందే కదా, ఆ వండేదేదో వెలుతురులో, గాలిలో వండితే తప్పేముంది?

గుచ్చిన ప్రశ్న వేరు. దాన్ని అడిగింది మాడ్యులర్ కిచెన్ కుర్రాడు, చేతిలో టేపు పట్టుకుని. "మేడం, మీ హైట్ ఎంత?"

అయిదడుగుల అయిదంగుళాలు అన్నాను. "అయితే గట్టు 34 అంగుళాలు" అని రాసుకున్నాడు. మోచేతికి నాలుగైదు అంగుళాల కింద ఉండాలట. ఆ క్షణాన నాకెంత గర్వం వేసిందో చెప్పలేను. మా అమ్మ గుర్తొచ్చింది. గుంటూరు జిల్లాలో మా ఇంట్లో అమ్మ 1970ల దాకా నేల మీద కట్టెల పొయ్యి ముందు కూర్చునే వండింది. గ్యాసు వచ్చాక నాన్నా మేస్త్రీ కలిసి గట్టు కట్టించారు. మేస్త్రీ తన మొలతాడు దగ్గర చెయ్యి పెట్టుకుని "ఇంత చాలాండీ?" అన్నాడట, నాన్న "చాల్లే" అన్నాడట. దాని మీద కడప బండ పరిచారు. మేస్త్రీ ఆరడుగుల మనిషి. అమ్మ ముప్పయ్యేళ్ళు భుజాలు పైకెత్తి గరిటె తిప్పింది. ఆ భుజం నొప్పికి ఇంట్లో పేరు వాతం. ఎవరూ గట్టుని అనలేదు. అంచేత ఒక మగపిల్లాడు టేపు పట్టుకుని నా ఎత్తు అడగడం నాకు ఒక తరం సాధించిన సంగతిలా కనిపించింది.

కానీ మా ఇంట్లో వండేది నేను కాదు. పొద్దున్న కాఫీ, ఆదివారం ఏదో ఒక పప్పు, అంతే నా వంట. పదకొండేళ్ళుగా వండుతున్నది పాలమూరు వైపు నుంచి హైదరాబాదు వచ్చి స్థిరపడిన ఒకావిడ. నాలుగడుగుల తొమ్మిదంగుళాలుంటుందేమో. పాత గట్టు ముందు ఒక చెక్కపీట వేసుకుని దాని మీద నిలబడి వండేది. ఆ పీట నేను రోజూ చూసినదే. రెండుసార్లు కాలికి తట్టుకుని విసుక్కున్నాను కూడా. అయినా నా ఎత్తు చెప్పేటప్పుడు అది నాకు గుర్తు రాలేదు. మర్నాడు గోడ మీద సుద్దముక్కతో గీసిన గుర్తు దగ్గర నిలబడి, తడిచెయ్యి ఆనించి చూసుకుని, "ఇంకో పీట గావాలె మేడం" అని నవ్విందామె. గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది నాకు.

1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ళ కోసం మార్గరెటె షుటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఒక వంటగది రూపొందించింది. ఈనాటి మాడ్యులర్ కిచెన్లన్నిటికీ అమ్మమ్మ అది. వెడల్పు రెండు మీటర్లకు కాస్త తక్కువ, పొడవు మూడున్నర మీటర్ల లోపు. రైలు భోజనాల పెట్టెలో వంటగదిని చూసి, స్టాప్ వాచీతో పనులు కొలిచి, గృహిణి ఒక్క అడుగు కూడా వృథాగా వెయ్యకుండా అమర్చింది. దాదాపు 10,000 ఇళ్ళలో పెట్టారు. అప్పటిదాకా తాను వంట చేసి ఎరగనని తర్వాత ఆమే చెప్పుకుంది. ఆ గదిలో ఒక మనిషికే చోటని, అది ఆడదాన్ని ఒంటరిగా మూసిపెట్టిందని 1970ల స్త్రీవాదులు విమర్శించారు. సబబైన విమర్శే. నాకు మాత్రం ఇప్పుడు ఇంకొకటి తోస్తోంది. ఆ కొలతల వెనక ఉన్నది పనిమనిషి లేని ఇల్లు. వండే మనిషీ ఇంటి మనిషీ ఒకరే. మనం ఆ కొలతల్ని తెచ్చుకుని, వండే మనిషిని మార్చి, ఎత్తు మాత్రం ఇంటి మనిషిదే ఉంచాం.

సరే, ఆమెనే అడుగుదాం అనుకున్నాను. అడగటంతో న్యాయం జరిగిపోతుందని నా నమ్మకం. "నీకెంత ఎత్తు కావాలి?" "మీ ఇల్లు మేడం, మీ ఇష్టం." బండ ఏది బాగుంటుంది? "ఏదైతేంది మేడం, కడుగుడే గదా." మొహమాటం అనుకున్నాను మొదట. ఆలోచిస్తే ఆ జవాబు ఆమె జీతంలో ఒక భాగం. నెలనెలా జీతమిచ్చే మనిషికి, ఆమె డబ్బుతో, ఆమె ఇంట్లో ఏం కట్టాలో చెప్పడం ఎంత ప్రమాదమో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. మా అమ్మ కూడా నాన్నతో "మీ ఇష్టం" అనే అనేది. ఆ మాటలోని భయాన్ని విప్పి చెప్పి నేను పిహెచ్.డి. పుచ్చుకున్నాను.

ఒకరోజు టీ తాగుతూ మాటల్లో, ఆమె వండే మిగతా మూడు ఇళ్ళ సంగతి వచ్చింది. ఇక ఆగలేదు! ఒకరింట్లో తెల్ల పాలరాయి వేయించారట, చింతపులుసు పడిన చోటల్లా మెరుపు చచ్చి మచ్చ. ఇంకొకరింట్లో పిడులు లేని అరలు, ఆ సందుల్లో శనగపిండి దూరి పురుగు. సింకు కింద పలక నీళ్ళకి ఉబ్బి తలుపు పడటం లేదు. పైఅరలు చూడటానికే, తన చేతికి అందవు. చిమ్నీ పెట్టారు గదా అని కిటికీ మూసేశారు, అది చెడిపోయిన వారం మిరపకాయ తాలింపుకి కళ్ళు పోయినంత పనైంది. డిజైనరు చూపించిన కేటలాగులో లేని జ్ఞానం అది. మా ఇంటి గురించి పెదవి విప్పని మనిషి పరాయి ఇళ్ళ గురించి చెబుతూ మా వంటిల్లు మొత్తం గీసి ఇచ్చింది. నేను రాసుకున్నాను. అది సంప్రదింపో, మాటలు లాగడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

క్వార్ట్జ్ వద్దన్నది మాత్రం నేనే. కృత్రిమంగా పోతపోసిన ఆ బండల్లో తొంభై శాతం దాకా సిలికా ఉంటుంది. కోసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఆ ధూళి చేరి సిలికోసిస్ తెస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది. చీమకుర్తి నల్లరాయి తీసుకున్నాను. అది మాత్రం గాలిలోంచి ఊడిపడిందా? దాన్ని కోసిన కుర్రాడు మా వరండాలో మూతికి చేతిరుమాలు కట్టుకుని సింకు రంధ్రం తీస్తుంటే కింది అంతస్తు దాకా దుమ్ము. నీళ్ళు పోస్తూ కొయ్యమన్నాను. "బురదైతే అసోసియేషనోళ్ళు ఒప్పుకోరు మేడం" అన్నాడు. దబాయించి పోయించాను. బురద కడిగించింది ఎవరి చేతో చెప్పనక్కరలేదు.

ప్లానులో ఇంకో విశేషం, యుటిలిటీ. వంటింటి వెనక గ్రిల్లు బాల్కనీలో నేలకి దగ్గరగా ఒక కొళాయి. "మెయిన్ సింక్ మీకు, ఇది మెయిడ్‌కి" అని డిజైనరమ్మాయి చాలా సహజంగా చెప్పింది. వెనకటి ఇళ్ళలో పెరటి గుమ్మం దాటి అంట్లు బయట వేసేవాళ్ళం. గిన్నెలు తోమే చెయ్యి లోపలికి రాకూడదనే ఆ పాత నియమానికి ఇప్పుడు ఇంగ్లీషు పేరు, వాటర్‌ప్రూఫింగూ వచ్చాయి. అంట్లు లోపలి సింకులోనే తోమాలని చెప్పాను.

గట్టు సంగతికొస్తే, పొయ్యి ఎత్తు, దాని మీద గిన్నె ఎత్తు కలిపి లెక్కేసి పొయ్యి వైపు 30 అంగుళాలు, మిగతా వైపు 34 అన్నాను. "రేపు ఆమె మానేస్తే?" అన్నారు మా ఆయన. "రీసేల్‌కి ఇబ్బంది" అంది డిజైనరు. రెండూ కొట్టిపారేయదగ్గ మాటలు కావు. మనిషి వెళ్ళిపోతుంది, రాయి ఉంటుంది. అయితే ఆ లెక్కన నా ఎత్తు కొలిచినప్పుడు మీరెవరూ ఎందుకు అడగలేదన్నాను. ఇక ఎవరూ మాట్లాడలేదు. నేను గెలిచానని కాదు, విసిగిపోయి.

చివరికి మిగిలింది డిష్‌వాషర్. మన జిడ్డు మూకుళ్ళు కూడా తోముతుందని అమ్మేవాడు హామీ ఇచ్చాడు. నీళ్ళ పైపు, కరెంటు పాయింటు పెట్టించి, రెండడుగుల ఖాళీ వదిలాం. మా ఇంట్లో అంట్లు తోమేది వంటావిడ కోడలే. "అది వస్తే మా కోడలు పని బందేనా మేడం?" అని అడిగింది. ఇంత పనిలో ఆమె తనంతట తానుగా నన్ను అడిగిన ప్రశ్న అదొక్కటే. ఇరవై రెండేళ్ళ పిల్ల వేళ్ళు సబ్బుకి ఒరుసుకుపోవడం నేను చూస్తున్నదే. ఆ పని నుంచి విడుదల అంటే ఆ పిల్లకి నెలజీతం నుంచి కూడా విడుదల. మిషను కొనకుండా ఆగాను. దయతోనా, ఆ పిల్ల జీతం మిషను కన్నా చౌక కాబట్టా అని అడిగితే గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను.

కొత్త గట్టు మీద వంట మొదలై ఎనిమిది నెలలైంది. ఆమెకి పీట అవసరం లేదు. దాన్ని డిష్‌వాషర్ కోసం వదిలిన ఖాళీలోకి తోసి పెట్టుకుంది. టీ వేళకి బయటికి లాగి, దాని మీద కూర్చుని తాగుతుంది. పక్కనే కుర్చీ ఉంది. అందులో కూర్చోమని నాలుగైదుసార్లు అన్నాను. ఈ మధ్య అనడం మానేశాను.