సభకు సెలవు

తిరుగుబాటు భయముచే ఇంగ్లండు 1664లో, రాజమతేతర ప్రార్థనకు ఇంటివారు గాక అన్యులు అయిదుగురు కూడినను నేరమనెను. క్వేకరులు మౌనముగా కూర్చుండియే నేరస్థులైరి! నిజాము సర్కారు గస్తీ నిశాన్ 53 సైతము సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రజలను సభకు ముందుగా సెలవు పొందుమనెను. పలికిన మాటకు తప్పెంచుట వేఱు, పలుకకముందే శంకించుట వేఱు.

ఆయుధము పట్టినవాని మాటయేమని పాఠకులడుగవచ్చును. క్వేకరు ఆయుధము ముట్టడు. తెలంగాణ రైతు ముట్టెను. అయినను వాని హక్కు తఱుగదని మా తలంపు. నల్లగొండలో ప్రత్యేక న్యాయస్థానము ఉరిశిక్ష విధించినవారి పక్షమున ఆంగ్ల న్యాయవాది ప్రిట్టు సుప్రీంకోర్టున వాదించెను. అచట తెలిపిన మొఱ తుపాకికి సమర్థన గాదు. విచారణలో వకీలును పెట్టుకొను అవకాశము సరిగా దొరకలేదనియే. 1951లో కోర్టు ఆ అర్జీని త్రోసివేసెను. పిదప ఉరి మాత్రము తప్పినది.