రెండు పేర్లు, ఒక్క స్థానం



వారం క్రితం ఉదయ పూజ ముగించి పక్కగదిలో వస్త్రాలు మార్చుకుంటుండగా ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన హాల్ టికెట్టు జిరాక్సు. "ఫాదర్, దీన్ని మరియమాత పాదాల దగ్గర ఉంచండి. ర్యాంకు వచ్చిన రోజున కృతజ్ఞతా పూజ చెప్పించుకుంటాం. ఇప్పుడే రాసుకోండి" అంది. ఫలితాలు ఏనాడో తెలియదు గనుక పూజల పుస్తకంలో పేరు రాసి, తేదీ గడి ఖాళీగా వదిలాను. ఊరుకోలేక ఒక మాట అడిగాను. "అమ్మా, అనుకున్న ర్యాంకు రాకపోతే?" "అలా అనకండి ఫాదర్" అంది. వెనుక నిలబడ్డ పిల్లవాడు మాత్రం నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు.

ఈ రోజుల్లో మన విచారణల్లో ఏ గడప తొక్కినా ఇదే నిరీక్షణ. ఇంటర్ అయిందంటే ఈఏపీసెట్, నీట్. ర్యాంకు వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. సర్టిఫికెట్లు చూపించాలి, వెబ్ ఆప్షన్లు ఇవ్వాలి, మొదటి విడత కేటాయింపు కోసం కాచుకోవాలి, అందులో రాకపోతే రెండో విడత. కన్వీనరు కోటాలో సీటు దొరికితేనే ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఆశ. 2008 ప్రాంతంలో మొదలైన ఆ పథకం వల్లనే మన కూలీల పిల్లలు, ఉపదేశుల పిల్లలు ఇంజనీర్లయ్యారు. ఆ మాట మరువరాదు. అయితే ఆ సొమ్ము ఎప్పుడు జమ అవుతుందోనని మళ్ళీ ఎదురుచూపు. డబ్బు అందలేదని కాలేజీవారు సర్టిఫికెట్లు బిగబట్టిన సందర్భాలు మీకు తెలియనివి కావు.

మనవారికి ఇంకో ముడి కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గుర్తింపు దక్కింది గాని క్రైస్తవులకు దక్కలేదు. కాబట్టి దళిత క్రైస్తవుల బిడ్డలు బి.సి.-సి వర్గంలో, ఆ ఒక్క శాతంలో నిలబడాలి. కౌన్సెలింగు రోజులు దగ్గర పడినప్పుడు జ్ఞానస్నాన పత్రం అడగడానికి జంకే తల్లిదండ్రులను నేను చూశాను. వారిని నిందించడానికి నాకు నోరు రాదు. వారి పిల్లవాడి నిరీక్షణ ఇతరుల నిరీక్షణకంటె బరువైనదని మాత్రం తెలుసు.

ఈ ఫలితాల కాలం తరచు ప్రభువు మోక్షారోహణానికీ పెంతెకోస్తుకూ అటూ ఇటూగా వస్తుంది. తిరుసభలో మొట్టమొదటి నిరీక్షణ ఆ రెంటి నడుమ దినాలే. ప్రభువు కనుమరుగయ్యాడు, ఆత్మ ఇంకా రాలేదు. మేడగదిలో మరియమాతతో కూడి శిష్యులు ప్రార్థనలో ఉన్నారు. మన నవదిన ప్రార్థనలకు మూలం అక్కడే. ఆ రోజుల్లోనే ఒక ఎంపిక కూడా జరిగిందని అపోస్తలుల కార్యముల మొదటి అధ్యాయం చెబుతుంది. సుమారు 120 మంది కూడి ఉన్నారు. యూదా స్థానం ఖాళీ. యోహాను జ్ఞానస్నానం మొదలుకొని ప్రభువు ఆరోహణం వరకు వెంట ఉన్నవాడే కావాలని పేతురు అర్హత చెప్పాడు. ఇద్దరు తేలారు: బర్సబ్బా అనబడే యోసేపు, మత్తియ. చీట్లు వేశారు. మత్తియకు వచ్చింది.

ఏటా మే 14న మనం మత్తియగారి పండుగ చేసుకుంటాం. నాకు మాత్రం ఆ వాచకం విన్నప్పుడల్లా రెండోవాని మీదికే మనసు పోతుంది. ఆయనకేం తక్కువ? అదే అర్హత, అన్నేళ్ళ వెంబడింపు. ఆయన పేరే ముందు చదివారు కూడా. 4వ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియు ఆ ఇద్దరినీ ప్రభువు పంపిన డెబ్బదిమందిలోనివారిగానే లెక్కించాడు. చీటీ పడింది, అంతే. ఆ సాయంత్రం ఆయన ఎక్కడ కూర్చున్నాడు? ఎవరైనా పక్కన చేరి భుజం మీద చేయి వేశారా, లేక అందరూ మత్తియ చుట్టూ మూగారా? లూకాగారు అది రాయలేదు.

రాసింది ఇంకొకటి ఉంది. పవిత్రాత్మ దిగివచ్చిన రోజున వారంతా ఒకేచోట ఉన్నారు. ఆ అందరిలో బర్సబ్బా కూడా ఉన్నాడనే నేను నమ్ముతాను. చీటీ తప్పిందని మేడ దిగి వెళ్ళిపోయి ఉంటే అగ్నిజ్వాలల వేళకు ఆయన వీధిలో ఉండేవాడు. ఇంకా చిత్రం, స్థానం దొరికిన మత్తియ పేరు కూడా ఆ తరువాత ఆ గ్రంథంలో మరెక్కడా కనబడదు.

వారు చేసిన ప్రార్థన కూడా గమనించండి. మావాడికే ఇవ్వమని వారు అడగలేదు. హృదయాలు ఎరిగిన ప్రభువును, ఎవరిని ఎన్నుకున్నావో చూపుమని అడిగారు. మనం గుణదల కొండకు మొక్కుకునేటప్పుడు కాలేజీ పేరు, బ్రాంచి పేరు కూడా చెప్పి మరీ మొక్కుకుంటాం. అడగడం తప్పు కాదు, బిడ్డలు తల్లిని అడగకుండా ఎవరిని అడుగుతారు? కాని ఆ మొక్కు పిల్లవాడి చెవిన పడుతుంది. అది నెరవేరకపోతే తాను అమ్మనే కాదు, దేవమాతను కూడా ఓడించినట్టు వాడికి తోస్తుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2019 ఏప్రిల్లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత పలువురు విద్యార్థులు తమ ప్రాణాలు తీసుకున్నారు. తప్పినవారి జవాబు పత్రాలు మళ్ళీ చూస్తే వెయ్యిమందికి పైగా పాసైనట్టు తేలింది. కాగితం మీది అంకె ఎంత తప్పగలదో చూడండి! చనిపోయిన పిల్లల ఇళ్ళలో ప్రేమ లేదని ఎవరూ అనుకోవద్దు. ప్రేమ ఉంది, అది చెప్పే వేళ దాటిపోయింది. మీ ఇంట బిడ్డ అన్నం మాని, నిద్ర మాని, మాట తగ్గించి కూర్చుంటే పక్కింటి అమ్మాయి ర్యాంకు ప్రస్తావన మానేసి పక్కన కూర్చోండి. చనిపోవాలని ఉందా అని సూటిగా అడగడానికి భయపడకండి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వారు రాత్రింబవళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. విచారణ గురువుల తలుపు కూడా తట్టవచ్చు, అర్ధరాత్రి అయినా సరే.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. పుస్తకం మూయకుండా పిల్లవాణ్ణి పిలిచి, నీ పుట్టినరోజు ఎప్పుడని అడిగాను. జూలైలో అన్నాడు. ఖాళీ గడిలో ఆ తేదీ వేసి, కృతజ్ఞతా పూజ ఆ రోజున అన్నాను. "ర్యాంకు రాకపోయినా ఉంటుందా ఫాదర్?" అని వాడు మొదటిసారి నోరు తెరిచాడు. ఉంటుందన్నాను. తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, ఏమీ అనలేదు.

వాళ్ళు వెళ్ళాక ఉపదేశిగారితో మాట్లాడాను. మా విచారణలో ఈ యేడు పరీక్షలు రాసిన పిల్లలు పదిహేడుమంది. పెంతెకోస్తు పూజలో వాచకాలు, విశ్వాసుల ప్రార్థనలు, కానుకల ఊరేగింపు అన్నీ వారికే అప్పగించాం. ఎవరు ఏది చేయాలో పట్టిక రాసి, ఫలితాలు రాకముందే గుడి తలుపుకు అంటించాం.