దూరపు తోటలు నునుపు

తిరుమలగిరి చుట్టుపక్కల "వైన్స్" అని బోర్డు పెట్టుకున్న దుకాణాలకి కొదవ లేదు. అక్కడికెళ్ళి నిజంగా వైన్ అడిగేవాళ్ళు ఎంతమంది? బీరూ బ్రాందీ విస్కీ అమ్మే కొట్టుకి మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ పేరు ఎలాగో స్థిరపడిపోయింది. "వైన్స్ దగ్గర కనిపించాడు" అంటే ఆ మనిషి మీద ఫిర్యాదు. "వైన్ టూర్‌కి వెళ్ళొచ్చాడు" అంటే అదే మనిషికి కితాబు. ఒక్క అక్షరం తేడాతో ఇంత దూరం ఎలా వచ్చిందన్నది ఈమధ్య నన్ను పట్టుకున్న ప్రశ్న.

కారణం ఉంది. నలుగురు స్నేహితురాళ్ళం, అందరం యాభై దాటినవాళ్ళం, ఈ ఫాల్గుణంలో ఒక శని ఆదివారాలు నాసిక్ వెళ్దామనుకుంటున్నాం. యూరప్‌లో వసంతానికి ద్రాక్షతీగ అప్పుడప్పుడే చిగురేస్తుంది. మన దక్కన్‌లో లెక్క తిరగబడుతుంది. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో తీగలు కత్తిరిస్తారు, జనవరి నుంచి మార్చి దాకా పళ్ళు కోస్తారు. అంటే ఇప్పుడు వెళ్తే కోత కళ్ళారా చూడొచ్చు. సికింద్రాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాసిక్ రోడ్‌లో దిగొచ్చు. సులా వాళ్ళ తోటలు గంగాపూర్ డ్యామ్ దగ్గర. ఆ డ్యామ్ కట్టింది గోదావరి మీదే. బాసరలో, భద్రాచలంలో మనం మునకలేసే గోదావరి.

రైలూ బసా తేలిపోయాయి. తేలనిది ఒకటే: ఇంట్లో ఏం చెప్పాలి?

"త్రయంబకేశ్వరం అని చెప్పండి. దర్శనం ఎలాగూ చేసుకుంటాం కదా, అబద్ధమేం కాదు" అంది మాలో ఒకామె. నిజమే, అబద్ధం కాదు. కానీ ఒక గ్లాసు వైన్‌కి జ్యోతిర్లింగాన్ని అడ్డం పెట్టుకోవాల్సి రావడమేమిటి? సులా పేరు, దాన్ని స్థాపించిన రాజీవ్ సామంత్ తల్లి సులభ పేరులోంచి వచ్చింది. అక్కడ అమ్మ పేరు సీసా మీదకెక్కింది. ఇక్కడ అమ్మకి సీసా సంగతి తెలియకూడదు.

పోనీ మా ఇంట్లో మందు వాసనే తెలియదా అంటే, అదీ కాదు. కంటోన్మెంటు ప్రాంతం ఇది. మా మామగారు సైన్యంలో చేసి రిటైరయ్యారు. నెలనెలా క్యాంటీన్ కోటా రమ్ము ఇంటికొస్తుంది, దాని గురించి ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు. ఇక కల్లు. బోనాలప్పుడు అమ్మవారికి కల్లు సాక పోస్తాం, మర్నాడు కల్లు కాంపౌండ్ ముందునుంచి వెళ్ళాల్సొస్తే మొహం తిప్పుకుంటాం.

మామూలుగా మనకి దొరికే రమ్ములో ఆల్కహాల్ 42.8 శాతం. వైన్‌లో 12, 13. తాజా కల్లులో నాలుగైదు. మర్యాద మాత్రం ఈ లెక్కన నడవదు. యూనిఫాం వేసుకున్న రమ్ముకి మర్యాద ఉంది, టికెట్ కొని చూసే వైన్‌కి ఉంది, అన్నిటికంటే పలచనైన కల్లుకి లేదు. మనం తూకం వేస్తున్నది మత్తుని కాదు, తాగే మనిషిని.

వైన్ సంగతి వేరు, అది తాగుడు కాదు తెలుసుకోవడం అంటారు. ఏ నేల, ఏ రకం ద్రాక్ష, ఏ ఏటి కోత, గ్లాసు తిప్పితే ఏ వాసన. ఒప్పుకుంటాను, అది విద్యే. మరి గీత పనివాడిది? ఏ చెట్టు ఏ నెలలో పారుతుందో, గెల ఎంత చెక్కాలో, ఏ పొద్దున దించింది తియ్యగా ఉంటుందో, ఏ పూట పులుస్తుందో అతనికి తెలుసు. మోకు కట్టుకుని ప్రాణానికి తెగించి ఎక్కుతాడు. అతని విద్యకి టూర్ లేదు, టికెట్ లేదు, కులం పేరు మాత్రం ఉంది. 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి సరేనన్నప్పుడు, వైన్ మద్యం కాదనీ, రైతుకి లాభమనీ శివసేన నాయకుడు సంజయ్ రౌత్ సమర్థించారు. అన్నా హజారే నిరాహారదీక్ష చేస్తానన్నారు. ద్రాక్ష రైతు కోసం వినిపించిన ఆ వాదన ఈత చెట్టెక్కేవాడి కోసం అంత గట్టిగా ఎందుకు వినపడదు? 2004లో జంటనగరాల్లో కల్లు దుకాణాలు మూయించారు. మళ్ళీ తెరిచింది 2014లో. ఆ పదేళ్ళూ వైన్స్ మాత్రం తెరిచే ఉన్నాయి.

ఇక్కడితో ఆపి "అంతా పెద్దింటి డాబు" అని తేల్చేస్తే సుఖంగానే ఉంటుంది. కానీ అది సగమే. కాంపౌండ్‌లో పోసేదంతా చెట్టు కల్లు కాదు, మత్తుమందులు కలిపిన నీళ్ళూ ఉంటాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. కల్లుని పొగడడం దూరంగా కూచున్న నాకు తేలిక.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ, నేను లేని రెండు రోజులూ ఇల్లు చూసుకోవాల్సిన మనిషి, ఏం చూడ్డానికి పోతున్నారని అడిగింది. ద్రాక్షతోటలనీ, అక్కడ ద్రాక్షతో చేసే మందు కాస్త రుచి చూస్తామనీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొహంలో ఏ వెక్కిరింతా లేదు. "మీరు మీ పైసలు తాగుతరమ్మా. మా ఆయన నా పైసలు తాగుతడు" అంది.

దూబగుంట ఆడవాళ్ళు చెప్పింది కూడా ఇదే. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా దుకాణాల మీదకి వెళ్ళినప్పుడు వాళ్ళు సంస్కారం గురించి మాట్లాడలేదు, ఇంటికి రాని కూలి డబ్బుల గురించి మాట్లాడారు. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. ఆ ఆడవాళ్ళు వేసిన ప్రశ్న మాత్రం పోలేదు: తాగినదానికి ధర ఎవరు కడుతున్నారు?

ఈ కొలబద్ద పట్టుకుంటే వరసలు మారిపోతాయి. పొద్దుగూకాక ఒక సీసా కల్లు తాగి, మిగిలిన కూలి భార్య చేతిలో పెట్టే మేస్త్రీ ఇందులో నెగ్గుతాడు. అదే, కోటా రమ్ము తాగి ఇంట్లోవాళ్ళు నోరెత్తకుండా చేసే పెద్దమనిషి, యూనిఫాం ఉన్నా, ఓడిపోతాడు. మేమూ పరీక్షకి అతీతులం కాదు. తోటనుంచి బస దాకా బండి నడిపేది ఎవరు? ఒకామె బీపీ మందులు వేసుకుంటుంది, "ఒక్క గుక్కే" అని ఆమెని బలవంతపెట్టేది ఎవరు? లివర్ లేబుల్ చదవదు. ఏ ఏటి కోత అని అడగదు.

మర్యాద ఒక కొలత, హాని ఇంకో కొలత. మొదటిదాన్ని రెండోదాని పేరుతో వాడుతున్నాం. అందుకే దగ్గరున్నవాడి సీసా పాపంలా, దూరంగా ఉన్న తోట పుణ్యక్షేత్రంలా కనిపిస్తున్నాయి. అందరినీ తాగనివ్వండి అని నేననను, ఎవరూ తాగొద్దనీ అనను. వేరేవాళ్ళ నోటికాడ కూడు తీసి తాగేదాన్ని ఏ గ్లాసులో పోసినా తప్పే అంటాను. అలా తియ్యనిదాన్ని ఏ ముంతలో పోసినా సిగ్గుపడక్కర్లేదంటాను.

కాబట్టి మా అత్తగారికి రెండూ చెప్తాను, త్రయంబకం గురించీ, తోట గురించీ. ఆవిడ కోప్పడితే ఆ కోపంలో తాగుబోతుల ఇళ్ళు చూసిన అనుభవం ఎంత ఉందో, నలుగురు ఏమనుకుంటారన్న బెంగ ఎంత ఉందో వింటాను. మొదటిదానికి నా దగ్గర జవాబుండాలి. రెండోదానికి అక్కర్లేదు.