మందు మానమన్నది ఎవరు నాన్నా?

కడుపులో మంటగా ఉందని వీధి చివర క్లినిక్‌కి వెళ్లావు. అక్కడి డాక్టరు నీ పాత చీటీలో ఎస్సిటాలోప్రామ్ పేరు చూసి, "ఈ వయసులో డిప్రెషనేంటి, రోజూ లాల్‌బాగ్‌లో నాలుగు రౌండ్లు నడువు, ఇవన్నీ మానెయ్" అన్నాడు. నువ్వు ఆ రాత్రే మానేశావు. మీ అమ్మ ఈ మాట నాకు సంబరంగా చెప్పింది, పెళ్లి సంబంధాలకు ఇక అడ్డుండదని. నాకు మాత్రం కోపమొచ్చింది నాన్నా. ఆయన మీద సగం, నీ మీద సగం.

ఆయన చెడ్డవాడేం కాదులే. ఎంబీబీఎస్‌లో సైకియాట్రీకి విడిగా పరీక్షే ఉండదు, జనరల్ మెడిసిన్‌లో కలిపేస్తారు. అయినా మానసిక వైద్యానికి పేరుపడ్డ నిమ్హాన్స్ ఉన్న బెంగళూరులో కూర్చుని అనాల్సిన మాటా అది? ఆ నిమ్హాన్స్ వాళ్లే 2015-16లో 12 రాష్ట్రాలు తిరిగి సర్వే చేస్తే, పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమంది వైద్యం దాకా రానేలేదు. ఎలా వస్తారు? హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, ఇక్కడ నిమ్హాన్స్, ఆస్పత్రి పేర్లనే తిట్లు చేసుకున్నాం. ఆ తిట్లు వింటూ పెరిగినవాడే డాక్టరూ అవుతాడు మరి.

అలాగని డాక్టరుకి అనుమానమే రాకూడదని కాదు. "థైరాయిడ్ చూపించావా, బి12 చూపించావా" అని అడిగితే సంతోషించు. థైరాయిడ్ మందగించినా దిగులు, నీరసం అచ్చం ఇలాగే ఉంటాయి. పరీక్ష చేయించి, రిపోర్టు నీ సైకియాట్రిస్టు చేతిలో పెట్టు. కానీ ఏ పరీక్షా లేకుండా ఉత్తినే కొట్టిపారేస్తే, ఆ మాట పట్టుకుని మందు మానేస్తావా? ఈ మాత్రలు గుణమివ్వడానికే వారాలు పడతాయి. తోడేసిన పాలను గంటగంటకీ కదిపి చూస్తే పెరుగవుతుందా? పైగా ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, నిద్ర పట్టదు, తలలో కరెంటు కొట్టినట్టుంటుంది. మానాలంటే రాసిన డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఇప్పుడు నీకు ఇంకో ఆలోచన వస్తుంది, నాకు తెలుసు: ఇక ఏ డాక్టరుకీ ఈ మాత్రల సంగతి చెప్పకూడదని. అది ఇంకా తప్పు. తలనొప్పి వచ్చినప్పుడల్లా ఐబుప్రొఫెన్ మింగుతుంటావు కదూ? ఈ మాత్రకు అది తోడైతే కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. కడుపుమంటని వెళ్లినవాణ్ని అసలు అడగాల్సింది అది! నువ్వు చెప్పవు, ఆయన అడగడు. నష్టమెవరికి?

ఒక కాగితం పర్సులో పెట్టుకో. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు మొదలుపెట్టావు, ఎవరు రాశారు, అంతే. ఈసారి ఎవరైనా మానమంటే, "అలాగే సార్, అదే మాట కారణంతో సహా చీటీ మీద రాయండి, మా సైకియాట్రిస్టుకి చూపిస్తాను" అను. నోటితో ఊరికే అనేవాళ్లు కలం పట్టేసరికి కాస్త ఆలోచిస్తారు. గొంతు మాత్రం పెంచకు. మానసిక జబ్బుని ఒంటి జబ్బుతో సమానంగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది, నిజమే. కానీ ఆ చట్టం పేరుతో క్లినిక్‌లో అరిచావనుకో, ఆ అరుపునీ జబ్బు ఖాతాలోనే రాసేస్తారు. లోకం అంతే.

రేపు పొద్దున్నే మీ సైకియాట్రిస్టుకి ఫోన్ చెయ్. మానేసి ఎన్నాళ్లయిందో దాచకుండా చెప్పి, మళ్లీ ఎంత డోసుతో మొదలుపెట్టాలో అడుగు. మానేసినవన్నీ కలిపి ఒకేసారి మింగేవు, నీ తొందర నాకు తెలుసు! ఈలోగా రాత్రిపూట మనసు బాగోలేకపోతే టెలిమానస్ హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఏ వేళైనా ఉచితమే, తెలుగులోనూ మాట్లాడతారు. మీ అమ్మ సంగతి నాకొదిలెయ్, సంబంధాల గురించి నేను మాట్లాడతాలే.